గూడవల్లి రామబ్రహ్మం: వాడను తెర మీదికి తెచ్చిన బెజవాడ మనిషి

1938 సెప్టెంబరులో ఆంధ్ర దేశంలోని సినిమా హాళ్ల ముందు ఒక కొత్త పోస్టరు వెలిసింది. దాని మీద దేవుడి పేరు లేదు, రాజు పేరు లేదు. ఒక కులం పేరు ఉంది. ఊరి చివరకు నెట్టేసిన కులం పేరు. మాలపిల్ల. అప్పటికి తెలుగులో మాట్లాడే సినిమా వచ్చి ఆరేళ్లయింది. 1932 నాటి భక్త ప్రహ్లాదతో మొదలుపెట్టి వచ్చినవన్నీ దాదాపు పురాణాలే. సాంఘిక చిత్రాలు వేళ్ల మీద లెక్కపెట్టేన్ని. అలాంటి రోజుల్లో వాడలోని ఒక అమ్మాయిని కథానాయికను చేసి, ఆమె కులం పేరునే సినిమాకు పెట్టిన దర్శకుడు గూడవల్లి రామబ్రహ్మం.

తెలుగు సినిమా చరిత్ర ఆయన్ను సంఘ సంస్కర్తగా, ధీరుడిగా గుర్తుపెట్టుకుంది. అది తప్పు కాదు. కానీ దళిత ఉద్యమం వైపు నుంచి చూసేవాళ్లకు ఆ ఒక్క మాట సరిపోదు. ఆయన ఏం చూపించారు, ఏది చూపించకుండా వదిలేశారు, ఎవరి డబ్బుతో తీశారు, ఎవరి మీద గురిపెట్టారు అన్నవి కూడా అడగాలి. ఆ ప్రశ్నలు వేస్తూ ఆయన జీవితాన్ని చదివితే, కృష్ణా డెల్టాలో కులం ఎలా పనిచేసిందో కూడా తెలుస్తుంది.

డెల్టాలో పుట్టిన మనిషి

రామబ్రహ్మం 1902లో కృష్ణా జిల్లా నందమూరులో కమ్మ రైతు కుటుంబంలో పుట్టారు. అప్పటికి బెజవాడ దగ్గర కృష్ణ మీద ఆనకట్ట కట్టి అర్ధ శతాబ్దం కావొస్తోంది. 1855లో పూర్తయిన ఆ ఆనకట్ట డెల్టాను మాగాణిగా మార్చేసింది. కాలువ నీళ్లతో వరి, వరితో డబ్బు, డబ్బుతో చదువు, చదువుతో పత్రికలు, సభలు, రాజకీయాలు వచ్చాయి. భూమి ఉన్న శూద్ర కులాలు ఒక తరంలోనే లేచి నిలబడ్డాయి. అదే మాగాణిలో దుక్కి దున్ని, నాట్లేసి, కోత కోసిన మాల మాదిగలకు మాత్రం మిగిలింది పాలేరుతనం, కూలి గింజలు. కాలువలో పారే నీళ్లు ఒకటే. ఊరి చెరువు దగ్గరికి వచ్చేసరికి ఆ నీళ్లకు కులం వచ్చేది.

అయితే వాడ ఎవరో వచ్చి తమ కథ చెప్తారని నోరు మూసుకుని కూర్చోలేదు. 1917 నవంబరులో బెజవాడలో ఒక పెద్ద సభ జరిగింది. హైదరాబాదు నుంచి వచ్చిన భాగ్యరెడ్డి వర్మ అధ్యక్షులు. పంచములు అన్న పేరును ఆ సభ తిరస్కరించింది. ఈ నేల మీద మొదటి నుంచి ఉన్నవాళ్లం మేమే, మేము ఆది ఆంధ్రులం అని ప్రకటించుకుంది. అప్పటికి రామబ్రహ్మానికి పదిహేనేళ్లు. ఇరవై ఒక్కేళ్ల తర్వాత ఆయన తీసిన సినిమాను ఈ సభ పక్కన పెట్టి చూడటం అవసరం. ఎందుకంటే మాలపిల్ల రాకముందే ఇక్కడి మాలలు, మాదిగలు తమ పేరును తామే పెట్టుకునే పనిలో ఉన్నారు.

పత్రికల నుంచి సినిమాకు

సహాయ నిరాకరణోద్యమం రోజుల్లో గాంధీ పిలుపు విని చదువు మానేసిన వేలాది కుర్రాళ్లలో రామబ్రహ్మం ఒకరు. ఆ తర్వాత ఆయన దారి బ్రాహ్మణేతర ఉద్యమం వైపు మళ్లింది. కృష్ణా జిల్లా అంగలూరులో పుట్టి, తెనాలిని కేంద్రంగా చేసుకున్న త్రిపురనేని రామస్వామి చౌదరి అప్పటికే పురాణాలను తిరగేసి ప్రశ్నిస్తున్నారు. పురోహితుడు అక్కర్లేని, తెలుగులోనే సాగే పెళ్లిళ్లు జరిపిస్తున్నారు. ఆ గాలి రామబ్రహ్మానికి బాగా తగిలింది. బెజవాడలో అచ్చు పని, పత్రికల పని చూశారు. జస్టిస్ పార్టీ భావాల సమదర్శినికి, ఆ తర్వాత ప్రజామిత్రకు సంపాదకత్వం వహించారు. రాజకీయం, సాహిత్యం, నాటకం, సినిమా ఆయనకు వేర్వేరు గదులు కావు. అన్నీ ఒకే ఇంట్లోవి.

బెజవాడ అప్పటికే సినిమా ఊరు. 1921లోనే పోతిన శ్రీనివాసరావు ఇక్కడ మారుతి టాకీసు కట్టారు. సినిమాలు తీసేది మద్రాసులోనైనా వాటిని చూసే జనం, కొని ఆడించే వ్యాపారం డెల్టాలో పెరిగాయి. పత్రిక చదవడానికి అక్షరం కావాలి. వాడలో ఆ రోజుల్లో అక్షరం వచ్చినవాళ్లు ఎంతమంది? సినిమాకు అయితే కళ్లు, చెవులు, నేల టికెట్టుకు సరిపడా చిల్లర చాలు. పత్రికల్లో రాసిన మాటలనే తెర మీద చెబితే అవి ఎంత దూరం పోతాయో ఆయనకు తెలిసింది.

అలా పుట్టిందే సారథి ఫిలిమ్స్. దాని వెనక చల్లపల్లి జమీందారు యార్లగడ్డ శివరామప్రసాద్ డబ్బు ఉంది. ఈ సంగతి గుర్తుంచుకోండి, మళ్లీ దీని దగ్గరికి వద్దాం.

మాలపిల్ల కథ, మనుషులు

మాలపిల్లకు కథ ఇచ్చింది చలం. ఆయన అప్పుడు బెజవాడలోనే ఉండేవారు. మాటలు తాపీ ధర్మారావు రాశారు. పాటల్లో బసవరాజు అప్పారావు గీతాలున్నాయి. బెజవాడ పక్కనే ఉన్న పటమటలో పుట్టిన ఆ కవి సినిమా రాకముందే, 1933లో చనిపోయారు. సంగీతం భీమవరపు నరసింహారావు.

కథ కల్యాణపురం అనే ఊళ్లో జరుగుతుంది. గుడి పెత్తనం చేసే సుందరరామశాస్త్రి పరమ ఛాందసుడు. వాడ జనాన్ని గుడి మెట్లెక్కనివ్వడు. ఆయన కొడుకు నాగరాజు వాడలోని సంపలత అనే అమ్మాయిని ప్రేమిస్తాడు. ఊరికీ వాడకూ మధ్య గుడి గొడవ ముదిరి చెరువు దాకా వస్తుంది. వాడకు నీళ్లు ఆపేస్తారు. దానికి జవాబుగా వాడ పని ఆపేస్తుంది. నాగరాజు, సంపలత, ఆమె చెల్లెలు అనసూయ ఊరు వదిలి కలకత్తా వెళ్లిపోతారు. అక్కడ సంపలత చదువు, కొత్త నడవడిక నేర్చుకుంటుంది. ఇక్కడ మంటల్లో చిక్కుకున్న శాస్త్రి భార్యను వాడ మనిషి కాపాడతాడు. శాస్త్రి మనసు మారుతుంది. గుడి తలుపులు తెరుచుకుంటాయి, పెళ్లికి ఆశీర్వాదం దొరుకుతుంది.

సంపలతగా అప్పటికే పేరున్న తార కాంచనమాల నటించారు. నాగరాజుగా గాలి వెంకటేశ్వరరావు. శాస్త్రిగా రంగస్థలం నుంచి వచ్చిన గోవిందరాజుల సుబ్బారావు. అనసూయగా సుందరమ్మ. అంతవరకూ తెర మీద దేవుళ్లు, రాజులు గ్రాంథికంలో మాట్లాడేవాళ్లు. ఇందులో మనుషులు మనుషుల్లా మాట్లాడారు. హాల్లో నేల మీద కూర్చున్నవాడికి పక్కవాణ్ణి అర్థం అడగాల్సిన అవసరం రాలేదు. భాష విషయంలో ఇది చిన్న మార్పు కాదు.

కలకత్తా ఘట్టంలో చేతుల్లేని రవికె తొడుక్కుని, కప్పు సాసరు పట్టుకున్న కాంచనమాల బొమ్మ క్యాలెండర్లకెక్కింది. మాలపిల్ల పాత్ర బొమ్మ అన్ని కులాల ఇళ్లలో గోడకు వేలాడింది. అదే కాలంలో బతికి ఉన్న మాలపిల్లను ఆ ఇళ్లలో ఎన్నింటి గుమ్మం దాటనిచ్చి ఉంటారు?

ఆ సినిమా వేసిన అడుగు

ఈ సినిమా ఏ గాలిలో వచ్చిందో చూడాలి. 1933 చివర్లో గాంధీ హరిజన యాత్ర ఆంధ్రలో సాగింది. 1936లో తిరువాంకూరు సంస్థానం ఆలయ ప్రవేశ ప్రకటన చేసింది. మద్రాసులో రాజాజీ ప్రభుత్వం ఆలయ ప్రవేశ చట్టాల మీద చర్చ నడుపుతోంది. మధుర మీనాక్షి గుడిలోకి అంటరానివారని దూరం పెట్టినవాళ్లు అడుగుపెట్టింది మాలపిల్ల వచ్చిన మరుసటి ఏడాది, 1939లో.

అంతకు రెండేళ్ల ముందు, 1936లో బొంబాయి టాకీస్ వాళ్లు అఛూత్ కన్య తీశారు. అందులోనూ అంటరాని పిల్ల, బ్రాహ్మణ కుర్రాడు. దేవికారాణి, అశోక్ కుమార్ నటించిన ఆ సినిమాలో పెళ్లి జరగదు. చివరికి ఆ పిల్ల రైలు కింద పడి ప్రాణాలు ఇస్తుంది. దేశం కన్నీళ్లు పెట్టుకుంది, కులానికి ఏమీ కాలేదు. రామబ్రహ్మం తన కథానాయికను చంపలేదు. ఆమెను చదివించారు, పెళ్లి చేశారు, బతికించారు. దళిత స్త్రీ చస్తేనే జాలిపడే ప్రేక్షకుడికి ఆయన ఆ సౌకర్యం ఇవ్వలేదు. ఈ ఒక్క విషయంలో మాలపిల్ల ఆనాటి భారతీయ సినిమా కంటే ముందుంది.

ఛాందసులు ఊరుకోలేదు. బ్రాహ్మణులకు ఈ సినిమా ఉచితంగా చూపిస్తామని సారథి వాళ్లు ప్రకటించారని, కొందరు చూసి ఇంటికెళ్లి తలస్నానం చేశారని సినిమా చరిత్రలో ఇప్పటికీ చెప్పుకుంటారు. తెర మీది బొమ్మ కూడా మైల పడేస్తుందన్న భయం ఎంత లోతుదో ఈ కథ చెప్తుంది.

ఇంకో పోలిక కూడా మనం మరిచిపోకూడదు. ఇంచుమించు 1930 ప్రాంతంలో తిరువనంతపురంలో పి.కె. రోజీ అనే దళిత స్త్రీ మలయాళంలో మొదటి మూకీ సినిమా విగతకుమారన్‌లో నాయర్ యువతిగా నటించింది. దళిత స్త్రీ పై కులం పాత్ర వేసినందుకు జనం దాడి చేశారు. ఆమె ఊరే వదిలి పోవాల్సి వచ్చింది. పేరున్న తార మాలపిల్ల వేషం కడితే బొమ్మ గోడకెక్కింది. దళిత స్త్రీ నాయర్ వేషం కడితే రాళ్లు పడ్డాయి. తెర మీద వేషాలు మారినా, ఎవరు ఎవరి వేషం వెయ్యొచ్చో నిర్ణయించింది కులమే.

ఎక్కడ ఆగింది

ఇక అసలు ప్రశ్న. మాలపిల్లలో కులానికి బాధ్యుడెవరు? గుడి పెత్తనం చేసే బ్రాహ్మణుడు. అది నిజమే, కానీ సగం నిజం. డెల్టా పల్లెల్లో పాలేరును పనిలో పెట్టుకున్నది, కూలి కొలిచింది, చెరువు గట్టు మీద కర్ర పట్టుకుని నిలబడ్డది ఎక్కువగా భూమి ఉన్న బ్రాహ్మణేతర కులాలే. రామబ్రహ్మం పుట్టిన కులం వాటిలో ముందు వరసలో ఉంది. బ్రాహ్మణేతర ఉద్యమం పురోహితుణ్ణి గట్టిగానే నిలదీసింది. ఆ ఉద్యమంలో ఉన్న భూస్వామిని మాత్రం అంత గట్టిగా అడగలేదు. ఆ గుడ్డి మచ్చ ఈ సినిమాలోనూ ఉంది.

ముగింపు చూడండి. గుడి ఎందుకు తెరుచుకుంది? వాడ మనిషి ప్రాణాలకు తెగించి బ్రాహ్మణ స్త్రీని కాపాడాడు కాబట్టి. అంటే హక్కుగా రావలసింది బహుమానంగా వచ్చింది. మంచితనం నిరూపించుకుంటే తప్ప మనిషిగా చూడరన్న షరతు అందులో దాగి ఉంది. సంపలత కూడా కలకత్తా వెళ్లి తీరు మార్చుకున్నాకే ఊరికి అంగీకారమవుతుంది.

అప్పటికి అంబేడ్కర్ ఎక్కడున్నారు? నాసిక్ కాలారామ్ గుడి ముందు సంవత్సరాల తరబడి సత్యాగ్రహం నడిపించి, గుడి తలుపుల కోసం ఎదురుచూడటం ఇక చాలని తేల్చుకున్నారు. 1935లో యేవలాలో హిందువుగా చావనని ప్రకటించారు. 1936లో కుల నిర్మూలన అచ్చు వేశారు. కులాంతర వివాహమే అసలు మందు అని, అయితే కులాన్ని పవిత్రం చేసిన శాస్త్రాల అధికారం కూలనిదే అది జరగదని అందులో వాదించారు. రామబ్రహ్మం కులాంతర వివాహం దాకా వచ్చారు. శాస్త్రి మనసు మార్చారు. శాస్త్రం జోలికి మాత్రం తెర మీద అంత దూరం పోలేదు.

అయినా ఒక దృశ్యం మిగిలి ఉంది. వాడ పని ఆపేయడం. నీళ్లు ఆపితే చేతులు ఆపుతాం అన్న ఆ జవాబు దయ అడిగేది కాదు. డెల్టా మొత్తం ఎవరి చేతుల మీద నడుస్తోందో ఆ కొద్దిసేపట్లో తెలిసిపోతుంది. మనం ఈ సినిమా నుంచి తీసుకోవలసింది ఏదైనా ఉంటే, శాస్త్రి పశ్చాత్తాపం కంటే ముందు ఈ సమ్మెను తీసుకోవాలి.

రైతుబిడ్డ

మరుసటి ఏడాది, 1939లో, రైతుబిడ్డ వచ్చింది. అప్పటికి ఆంధ్రలో రైతు ఉద్యమం ఉధృతంగా ఉంది. 1937-38లో ఇచ్ఛాపురం నుంచి మద్రాసు దాకా రైతులు నడిచారు. ఎన్.జి. రంగా వంటి నాయకులు జమీందారీ రద్దు కోరుతున్నారు. సినిమాలో ఒక రైతు జమీందారు నిలబెట్టిన మనిషిని కాదని రైతుల పార్టీ వైపు నిలబడతాడు. దాంతో అప్పులు, దౌర్జన్యాలు అతన్ని చుట్టుముడతాయి. రంగస్థల దిగ్గజం బళ్లారి రాఘవ ప్రధాన పాత్ర వేశారు. టంగుటూరి సూర్యకుమారి నటించి పాడారు. రామస్వామి చౌదరి కొడుకు గోపీచంద్ మాటలు రాశారు. కొసరాజు రాఘవయ్య చౌదరి సినిమా పాటల్లోకి దీంతోనే వచ్చారు. కూచిపూడి నుంచి వచ్చిన వేదాంతం రాఘవయ్య నాట్యం చేశారు. డెల్టా ప్రతిభ అంతా ఒకచోట చేరిన సినిమా ఇది.

జమీందార్లకు మండింది. బొబ్బిలి, వెంకటగిరి జమీందార్లు సినిమా మీద కత్తి కట్టారు. నోటీసులు, నిషేధాలు వచ్చాయి. వెంకటగిరిలో ప్రింటు తగలబెట్టారు. అంత ధైర్యమైన సినిమాకు డబ్బు పెట్టింది కూడా ఒక జమీందారే. చల్లపల్లి రాజాకు బొబ్బిలి రాజాతో రాజకీయ పోటీ ఉంది. ఒక జమీందారు డబ్బుతో మిగతా జమీందార్ల మీద తీసిన సినిమాగా రైతుబిడ్డ నిలిచింది. తర్వాతి దశాబ్దాల్లో అదే చల్లపల్లి భూముల మీద పేదలు పోరాటాలు చేశారు. వాటిని సినిమా తీయడానికి ఏ సారథీ రాలేదు.

ఇక్కడా మన ప్రశ్న ఒకటే. రైతుబిడ్డలో రైతు ఉన్నాడు. ఆ రైతు పొలంలో వంగి పనిచేసే కూలీ కథ ఏది? జమీందారుకూ రైతుకూ మధ్య గొడవ తెరకెక్కింది. రైతుకూ పాలేరుకూ మధ్య గొడవ తెర బయటే ఉండిపోయింది. డెల్టాలో భూమి ప్రశ్న ఆ రెండో గొడవ దగ్గరే అసలు మొదలవుతుంది.

చివరి సినిమా

తర్వాత ఏడేళ్లలో రామబ్రహ్మం సాంఘికాలు, జానపదాలు తీశారు. 1940లో ఇల్లాలు, 1941లో అపవాదు, 1942లో కణ్ణగి కథతో పత్ని, 1943లో పంతులమ్మ, 1945లో మాయాలోకం. మాయాలోకంలో అప్పుడప్పుడే పైకొస్తున్న అక్కినేని నాగేశ్వరరావు, శాంతకుమారి నటించారు. పేర్లు చూస్తేనే తెలుస్తుంది, చాలా కథలకు స్త్రీ కేంద్రం. కానీ మొదటి రెండు సినిమాల్లో ఉన్న నిప్పు వీటిలో ఆ స్థాయిలో లేదు. ఇవి యుద్ధకాలపు సినిమాలు కూడా. ముడి ఫిలిం కరువు, వ్యాపారం మీద భయం ఆ రోజుల్లో అందరినీ కట్టేశాయి.

చివర్లో ఆయన పల్నాటి యుద్ధం ఎత్తుకున్నారు. గోవిందరాజుల సుబ్బారావు బ్రహ్మనాయుడు, కన్నాంబ నాగమ్మ, అక్కినేని బాలచంద్రుడు. చాపకూడు పేరుతో అన్ని కులాలవాళ్లనూ ఒకే బంతిలో కూర్చోబెట్టాడని, మాల కన్నమదాసును కొడుకుగా చేరదీసి సేనానిని చేశాడని జనం తలుచుకునే బ్రహ్మనాయుడి కథ అది. మాలపిల్లతో దర్శకుడైన మనిషి చాపకూడు కథ దగ్గరికి చేరారు. కానీ పూర్తి చేయలేకపోయారు. 1946 అక్టోబరు 1న నలభై నాలుగేళ్లకే చనిపోయారు. మిగిలిన సినిమాను ఎల్.వి. ప్రసాద్ పూర్తి చేశారు. 1947లో అది విడుదలైంది.

ఆ తర్వాత తెలుగు సినిమా సొంత దారి చూసుకుంది. డెల్టా డబ్బు ఆ పరిశ్రమకు వెన్నెముక అయింది. వాడ మాత్రం తెర మీద మళ్లీ పాలేరుగా, జాలి కథగా, వెనక నిలబడే గుంపుగా మారింది.

చెరువు, సినిమా హాలు

1985 జులై 17న చీరాల దగ్గర కారంచేడులో మాదిగపల్లె మీద కమ్మ భూస్వాములు దాడి చేసి ఆరుగురిని చంపారు. గొడవ మొదలైంది మంచినీటి చెరువు దగ్గర. దళితులు తాగే నీళ్లను పాడుచేయొద్దన్నందుకు. మాలపిల్లలో చెరువు గొడవ వచ్చి అప్పటికి నలభై ఏడేళ్లు. అక్కడ గట్టు మీద ఉన్నది సుందరరామశాస్త్రి కాదు. రామబ్రహ్మం సినిమా చూపించకుండా వదిలేసిన మనిషి.

1991 జులైలో చుండూరులో సినిమా హాల్లో ఒక దళిత యువకుడి కాలు పై కులం కుర్రాడికి తగిలింది. ఆగస్టు 6న ఎనిమిది మంది దళితులను వేటాడి చంపారు. ప్రత్యేక కోర్టు 2007లో శిక్షలు వేసింది. 2014లో హైకోర్టు ఆ శిక్షలు కొట్టేసింది. కృష్ణా కాలువ నీళ్లు పారే ఊరు అది. మాలపిల్లను చూసి చప్పట్లు కొట్టిన నేల అది. తెర మీద మాలపిల్లకు చోటు దొరికి యాభై మూడేళ్లయినా, తెర ముందు దళితుడు కాలు చాపుకునే చోటు దొరకలేదు.

రామబ్రహ్మాన్ని తీసిపారేయాల్సిన పని లేదు. 1938లో ఆయన చేసింది చాలామంది నేటికీ చేయడం లేదు. కులం పేరు దాచకుండా పెట్టారు. ప్రేమికులను చంపలేదు. వాడ సమ్మె చేయగలదని చూపించారు. ఈ మూడూ ఆయన ఖాతాలో రాయాల్సినవే. పరువు హత్యల వార్తలు చదువుతున్న మనకు రెండోదాని విలువ మరీ బాగా తెలుసు.

అలాగని పూజించాల్సిన పనీ లేదు. తన కులం, తన మదుపుదారు అనుమతించిన గీత దాకా ఆయన వచ్చారు. ఆ గీత అవతల పాలేరు ఉన్నాడు, చెరువు గట్టు మీది కర్ర ఉంది, హాల్లో సీటు ఉంది. ఆ కథలు రాయాల్సింది, తీయాల్సింది వాడ నుంచి వచ్చినవాళ్లే. సినిమా చదువుకుంటున్న దళిత విద్యార్థులు మాలపిల్లను ఒకసారి వెతికి చూడండి. ఎక్కడ ఆగిందో గుర్తుపెట్టుకుని, మీ కథ అక్కడి నుంచి మొదలుపెట్టండి.